తగ్గిన బరువు మళ్ళీ రాకుండా: సంగటి, లడ్డు, అలిపిరి మెట్ల మధ్య ఒక సమగ్ర మార్గదర్శి

జాకెట్టు కుట్టేటప్పుడు టైలర్లు లోపల రెండు పక్కలా అంగుళం గుడ్డ మడిచి వదులుతారు. లావైతే విప్పుకోవడానికి. 2019లో నేను నాలుగు నెలల్లో 81 కిలోల నుంచి 70కి దిగాను. ఆ సంబరంలో ఉన్న జాకెట్లన్నీ మూటగట్టుకుని, మా తిరుపతి కొర్లగుంటలో మేం కుట్టించుకునే టైలరమ్మ దగ్గరికి పోయాను. అన్నీ బిగించి, లోపల మిగిలిన గుడ్డ కత్తిరించెయ్యమన్నాను. "బిగిస్తాను గానీ, గుడ్డ మాత్రం ఉండనీలే అక్కా" అందామె. నేను వినలేదు. ఏడాదిన్నర తిరక్కముందే 83కి చేరాను. విప్పుదామంటే గుడ్డ లేదు. పదకొండు జాకెట్లు పోయాయి.

2021 జనవరిలో మళ్ళీ మొదలుపెట్టాను. పదిహేను నెలలు పట్టింది 67కి రావడానికి. 2022 ఏప్రిల్‌లో తిరుపతి చిత్తూరు నుంచి విడిపోయి వేరే జిల్లా అయింది. అదే నెలలో నేను 16 కిలోల నుంచి విడిపోయాను. అప్పటినుంచి చాలావరకు 66, 69 మధ్యే తిరుగుతున్నాను.

మొదటిసారి ఒక స్లిమ్మింగ్ సెంటర్లో చేరాను. అన్నం లేదు, సంగటి లేదు, పొద్దున పొడి, రాత్రి సూపు. తగ్గిన మాట నిజం. ప్యాకేజీ అయిపోయిన మర్నాడు ఏం తినాలో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. రెండోసారి ఏ పద్ధతి కనిపించినా ముందు ఒక ప్రశ్న వేసుకున్నాను: దీన్ని పదేళ్ళు చెయ్యగలనా? చెయ్యలేనంటే ఎంత గొప్ప పద్ధతైనా పక్కన పెట్టేశాను. కింద రాసినవన్నీ ఆ ప్రశ్నకు నిలబడ్డవే.

మొదటి మెట్టు: టేపు, బరువు మిషను, రక్తపరీక్ష

బరువు ఒక్కటే చూస్తే చాలదు. పొట్ట చుట్టుకొలత తీసుకోండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ, ఊపిరి మామూలుగా వదిలాక, టేపు బిగించకుండా. మనవాళ్ళలో ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు, మగవాళ్ళకు 90 దాటితే జాగ్రత్త పడాలని డాక్టర్ల లెక్క. బీఎంఐ అంటే బరువును ఎత్తు వర్గంతో భాగించడం, ఎత్తు మీటర్లలో. భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. పడమటి దేశాలవాళ్ళకు ఈ గీతలు 25, 30 దగ్గర ఉంటాయి. మనకు కండ తక్కువ, పొట్టలో కొవ్వు ఎక్కువ, షుగర్ తొందరగా వస్తుంది కాబట్టి గీత కిందికి జరిపారు.

నా ఎత్తు 157 సెంటీమీటర్లు. 83 కిలోలప్పుడు బీఎంఐ 33.7. ఇప్పుడు 67 దగ్గర 27 చిల్లర. అంటే పుస్తకం ప్రకారం నేనిప్పటికీ లావే. నాకు దిగులు లేదు. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా షుగర్, బీపీ, కొవ్వు లెక్కలు మెరుగవుతాయి. 2002లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద పరిశీలనలో, షుగర్ అంచున ఉన్నవాళ్ళకు 7 శాతం బరువు తగ్గాలనీ, వారానికి 150 నిమిషాలు నడవాలనీ లక్ష్యం పెడితే, షుగర్ వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. మన పక్కనే చెన్నైలో చేసి 2006లో ప్రకటించిన పరిశీలనలో అది 28 శాతం చిల్లర. చిత్రమేమిటంటే అక్కడ బరువు పెద్దగా తగ్గలేదు. తిండి, నడక మారినందుకే అంత లాభం. కాబట్టి పెళ్ళినాటి బరువును లక్ష్యంగా పెట్టుకోవద్దు. మొదటి గమ్యం 5 శాతం చాలు. నాకది నాలుగు కిలోలు.

మొదలుపెట్టేముందు బీపీ, మూడు నెలల షుగర్ సగటు, థైరాయిడ్, కొలెస్ట్రాల్ చూపించుకోండి. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్ళు డాక్టరుకు చెప్పకుండా తిండి తగ్గించకూడదు; షుగర్ పడిపోయి కళ్ళు తిరుగుతాయి, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు సొంతంగా డైట్‌లు చెయ్యొద్దు.

రెండో మెట్టు: వారం రోజులు ఏమీ మార్చకుండా రాయండి

ఇది అందరూ దాటవేసే మెట్టు. చిన్న నోటుపుస్తకం, పెన్ను వంటింట్లో పెట్టుకుని నోట్లో పడిన ప్రతిదీ రాయండి. తగ్గించొద్దు, మార్చొద్దు. మీరు ఎక్కడ లావవుతున్నారో ఆ పుస్తకమే చెబుతుంది.

నా పుస్తకం చెప్పింది వినండి. నేను భోజనానికి కూర్చుని తినేది పెద్ద లెక్కేం కాదు. మా అత్తమ్మ రోజూ "ఏందిమ్మా, పిట్ట తిన్నట్టు తింటా ఉండావు" అనేది నిజమే. నా తిండంతా నిలబడి తినేది. ఊరుబిండి పచ్చడికి చెనిక్కాయ (వేరుశనగ) విత్తనాలు వేయించేటప్పుడు బాణలిలోంచి నాలుగు, పొట్టు చెరిగేటప్పుడు నాలుగు, రోట్లో వేసేముందు ఇంకో నాలుగు. ఒక రోజు నోట్లో వెయ్యకుండా ఆ నాలుగునాలుగులూ పక్కన గిన్నెలో వేసి తూచాను. 30 గ్రాములు. అంటే 160 కేలరీలు, ఊరుబిండి ఇంకా విస్తట్లో పడకముందే. కాఫీలు నాలుగు, ఒక్కోదానికి రెండు స్పూన్లు. స్పూను 5 గ్రాములనుకుంటే రోజుకు 40 గ్రాముల చక్కెర, 160 కేలరీలు. అబ్బాయి వదిలేసిన దోశ ముక్క, ఆఫీసులో ఎవరో తెచ్చిన మైసూర్‌పాకు, టీవీ ముందు నిప్పట్లు.

మీ పుస్తకంలో వేరే ఉంటాయి. మా ఆయన పుస్తకంలో సాయంత్రం బండి దగ్గర మిరపకాయ బజ్జీలు, మా వదిన పుస్తకంలో రాత్రి పదకొండుకి తినే పెరుగన్నం.

మూడో మెట్టు: నూనె గిన్నె

వ్యాయామం కంటే, రాగుల కంటే ముందు దీన్ని పెట్టడానికి కారణముంది. మా ఇంట్లో నలుగురం. నెలకు 5 లీటర్ల నూనె అయ్యేది. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. లెక్క వేస్తే మనిషికి రోజుకు 38 గ్రాములు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2,000 కేలరీల తిండికి సూచించిన నూనె 27 గ్రాములు. గ్రాము నూనెకు 9 కేలరీలు, అది చెనిక్కాయ నూనైనా, ఆలివ్ నూనైనా, గానుగలో ఆడించినా.

మూడు లీటర్లకు దించాను. ఎలాగంటే, పొద్దున లేవగానే 100 మిల్లీలీటర్ల నూనె కొలిచి చిన్న స్టీలు గిన్నెలో పోస్తాను. ఆ రోజుకు ఇంటిల్లిపాదికీ అదే. తాళింపు, దోశలు, కూర, అన్నీ అందులోంచే. ప్యాకెట్టు గూట్లోకి పోతుంది. ప్యాకెట్టు మూతి నుంచి బాణలిలోకి పోస్తే చెయ్యి ఆగదు, గిన్నెలోంచి స్పూనుతో తీస్తే ఆగుతుంది. మొదటివారం మధ్యాహ్నానికే గిన్నె ఖాళీ అయ్యేది. రేపటిది అప్పు తెచ్చుకునేదాన్ని, మర్నాడు కోత పెట్టేదాన్ని. మూడోవారానికి కుదిరింది. వంకాయ కూర రుచి తగ్గిందని ఇంట్లో ఒక్కరూ అనలేదు. గుత్తొంకాయ మాత్రం ఈ లెక్కలో రాదు, దాన్ని పండక్కి వదిలేశాం.

ఇప్పుడు కూడండి. నూనెలో మనిషికి 15 గ్రాములు తగ్గింది, దాదాపు 135 కేలరీలు. కాఫీలు రెండుకు దించి స్పూను చక్కెరకు వచ్చాను, 120. చెనిక్కాయలు నిలబడి తినడం మానాను, 160. మొత్తం 400 పైన. అన్నాన్నీ సంగటినీ ఇంకా ముట్టుకోనే లేదు.

కిలో కొవ్వుకు సుమారు 7,700 కేలరీలంటారు. ఆ లెక్కన రోజుకు 400 తగ్గిస్తే నెలకు కిలోన్నర దిగాలి. నాకు సగటున పడింది నెలకు కిలో చిల్లర. లెక్క తప్పి కాదు. ఒళ్ళు తగ్గేకొద్దీ దానికి కావలసిన తిండీ తగ్గుతుంది. వారానికి అరకిలో మించి తగ్గాలని తొందరపడొద్దు. తొందరపడితే ఏం పోతుందో తరవాత చెబుతాను.

నాలుగో మెట్టు: విస్తరి

రాయలసీమలో పుట్టినవాళ్ళకు రాగి సంగటి మీద ఒక మూఢభక్తి ఉంటుంది, నాకూ ఉంది. కానీ నిజం ఒప్పుకోవాలి. వంద గ్రాముల రాగుల్లో 320 కేలరీలు, వంద గ్రాముల తెల్లబియ్యంలో 356. పెద్ద తేడా లేదు. తేడా పీచులో: రాగుల్లో 11 గ్రాములు, బియ్యంలో 3 కంటే తక్కువ. పీచుంటే కడుపు నిండినట్టుంటుంది, ఆకలి ఆలస్యంగా వేస్తుంది, కాల్షియం అదనం. అంతే. రెండు ముద్దలు తిని, పైన నూనె తేలే నాటుకోడి పులుసు పోసుకుంటే సంగటి ఎవర్నీ కాపాడదు. "అన్నం మానేశాను, సంగటే తింటున్నాను, అయినా తగ్గలేదు" అని మా ఆఫీసులో ఒకాయన వాపోయేవాడు. ఆయన ముద్ద చూస్తే కొబ్బరికాయంత.

మా ఇంట్లో చేసే పద్ధతి ఇది. 100 గ్రాముల బియ్యం కడిగి, నీళ్ళు ఎక్కువ పోసి మెత్తగా పలుకు లేకుండా ఉడికిస్తాను. అందులో 300 గ్రాముల రాగిపిండి మధ్యలో కుప్పగా పోసి, కలపకుండా మూతపెట్టి సన్నమంట మీద పది నిమిషాలు మగ్గనిస్తాను. తరవాత దించి, గిన్నెను కాళ్ళతో అదిమిపట్టి సంగటికట్టెతో గెలకాలి. చేతికి నీళ్ళు అద్దుకుని ముద్దలు చేస్తే అయిదు. అంటే ముద్దకు 80 గ్రాముల పిండీబియ్యం, 265 కేలరీల దాకా. నలుగురికి నాలుగు. అయిదోది పొద్దునకు మజ్జిగలో కరిగి అంబలవుతుంది. ముద్ద సైజు ఒకసారి తూకంతో తెలిస్తే తరవాత చెయ్యే చెబుతుంది. అన్నానికీ అంతే: పచ్చి బియ్యం కొలిచి వండండి, మనిషికి పూటకు 70, 80 గ్రాములు. వండిన అన్నం గరిటెల్లో లెక్కపెట్టడం దండగ.

విస్తట్లో సగం కూరగాయలు, ఆకుకూర. తోటకూర, చెంచలాకు, గోంగూర, ఏది దొరికితే అది ఉడకేసి పప్పుగుత్తితో ఎనిపితే గిన్నెడు తిన్నా భారం కాదు. ఉర్లగడ్డ వేపుడును కూరగాయగా లెక్కపెట్టొద్దు.

అసలు లోపం మాంసకృత్తుల దగ్గర. మన భోజనంలో అన్నం కొండంత, పప్పు గోరంత. బరువు తగ్గేటప్పుడు కొవ్వుతోపాటు కండా కరుగుతుంది. తగ్గిన నాలుగు కిలోల్లో కిలో దాకా కండే కావచ్చు. దాన్ని ఆపాలంటే కిలో బరువుకు గ్రాము చొప్పునైనా మాంసకృత్తులు కావాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టరు చెప్పిన కొలతే తినాలి. నా రోజు ఇలా ఉంటుంది: రెండు గుడ్లు 12 గ్రాములు, 50 గ్రాముల కందిపప్పో పెసరపప్పో 11, గుప్పెడు ఉలవల గుగ్గిళ్ళు 6, పాలు పెరుగు కలిపి 300 మిల్లీలీటర్లకు 9, సంగటి, అన్నంలోంచి 12. యాభై వచ్చింది, నా 67 కిలోలకు ఇంకా తక్కువే. వారంలో రెండుమూడుసార్లు కోడికూర వంద గ్రాములు తింటే ఆ రోజు ఇంకో పాతిక. చలికాలం మనకో వరముంది, అనపకాయలు. రాత్రి నానబెట్టి పొద్దున టీవీ ముందు కూర్చుని ఒక్కో గింజా పితుకుతూ ఉంటే పప్పు గిన్నెలోకి దూకుతుంది. పితికిపప్పు చారు, పక్కన సంగటి. పితికే గంటసేపు చేతులు ఖాళీ ఉండవు, నిప్పట్ల డబ్బా జోలికి పోవు. ఇది నేను కనిపెట్టిన డైట్ రహస్యం!

తినే వరుసలో చిన్న మార్పు పనికొస్తుంది. ముందు ఆకుకూర, గుడ్డో పప్పో, చివర్లో సంగటో అన్నమో. షుగర్ ఉన్నవాళ్ళకు తిన్నాక చక్కెర ఎగరడం కాస్త తగ్గుతుంది, రెండో ముద్ద మీద మోజూ తగ్గుతుంది.

పండ్ల గురించి ఒక్కమాట. మామిడి సీజన్లో చిత్తూరువాళ్ళను మామిడిపండు మానమనడం పాపం. వంద గ్రాముల గుజ్జుకు 60 కేలరీలే. చిన్న బేనీషా ఒకటి, మధ్యాహ్నం, అన్నం కాస్త తగ్గించుకుని తినండి. జ్యూసుగా వద్దు.

అయిదో మెట్టు: ప్రసాదం, చుట్టాలు, ఒక్కపొద్దులు

తిరుపతిలో ఇల్లుందంటే ఏడాది పొడుగునా చుట్టాలే. దర్శనానికి వచ్చేవాళ్ళు పై నుంచి దిగి, "వదినా, మీకోసమే ఒకటి ఎక్కువ తెచ్చాం" అని లడ్డు చేతిలో పెడతారు. కాదనడానికి అది స్వీటు కాదు, స్వామి ప్రసాదం. 175 గ్రాముల లడ్డులో శనగపిండి, చక్కెర, నెయ్యి, జీడిపప్పు. ఏ విధంగా లెక్కవేసినా 700 కేలరీలకు తగ్గదు.

ప్రసాదం తినే పద్ధతి పెద్దవాళ్ళే చెప్పారు: కళ్ళకద్దుకుని చిటికెడు నోట్లో వేసుకోవడం. ప్రసాదం పంచడానికి, దాచుకోవడానికి కాదు. లడ్డు ఇంటికొచ్చిన రోజే ముక్కలు చేసి, నా ముక్క, గోలీ అంత, తినేసి, మిగతాది పక్కింటికి, పనమ్మాయికి, ఆఫీసుకు పంచేస్తాను. ఫ్రిజ్‌లో పెడితే మాత్రం ఓడిపోయినట్టే. రాత్రి తొమ్మిదిన్నరకి ఫ్రిజ్ తలుపు తీసే చెయ్యికి భక్తి ఉండదు.

పెళ్ళిళ్ళకు ఆకలితో వెళ్ళకండి. ఇంట్లో గ్లాసు మజ్జిగ, ఒక గుడ్డు తిని వెళ్తే విందులో కావలసినవి ఏరుకుని తినగలం. ఓళిగ (బొబ్బట్టు) నాకు ప్రాణం; అది తింటాను, కేసరి వదిలేస్తాను. అన్నీ మానితే ఇంటికొచ్చాక దొంగతిండి తింటాం.

ఇక ఉపవాసాలు. శనివారం ఒక్కపొద్దు మా ఇంట్లో మూడు తరాలుగా ఉంది, పెరటాసి శనివారాలైతే చెప్పనక్కర్లేదు. ఇప్పుడు పదహారు గంటల ఉపవాసమని యువతరం అదే చేస్తోంది. పరిశోధనలు చూస్తే, రోజంతా కాస్త తగ్గించి తినడానికీ గంటలు పెట్టుకుని తినడానికీ బరువులో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఏది మీకు వీలైతే అది. ఒక్కపొద్దు పేరు చెప్పి సాయంత్రం ఫలహారమని ఆరు పూరీలు లాగిస్తే మాత్రం మొదటికే మోసం. ఆరేళ్ళు నేను చేసింది అదే.

ఆరో మెట్టు: నడక, మెట్లు, గోడ

అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్ల దారి. శ్రీవారి మెట్టు నుంచైతే 2,388 మెట్లు, 2 కిలోమీటర్లు దాటుతుంది, నిట్టనిలువు. ఎత్తు సుమారు 700 మీటర్లు. 80 కిలోల మనిషి ఎక్కితే ఉజ్జాయింపుగా 600, 700 కేలరీలు ఖర్చు. అంటే గాలిగోపురం చూసి, మోకాళ్ళ పర్వతం దాటి, చెమటలు కక్కి పైకెక్కి, కిందికి బస్సులో దిగుతూ ఒక లడ్డు తినేస్తే లెక్క సరి. తిండి తగ్గించకుండా నడకతో బరువు తగ్గిద్దామంటే ఎందుకు కుదరదో ఈ ఒక్క లెక్క చాలు.

అయితే నడక ఎందుకు? తగ్గిన బరువు నిలబడాలంటే నడకే ఆధారం. పైగా నిద్ర పడుతుంది, షుగర్ తగ్గుతుంది, టెన్షన్ తగ్గుతుంది.

మొదట వారానికి అయిదు రోజులు, రోజుకు 30 నిమిషాలు. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అదీ వేగం. నేను యూనివర్సిటీ గ్రౌండులో నడుస్తాను. వినాయక సాగర్, ప్రకాశం పార్కు దగ్గర ఉన్నవాళ్ళకు అవి. ఎండాకాలం తిరుపతిలో ఆరున్నర దాటితే నడవొద్దు, పొద్దున అయిదుకే బయల్దేరాలి. వీలుకాకపోతే రాత్రి భోంచేశాక మేడ మీద పావుగంట నడిచినా లెక్కే.

కొండ నెలకొకసారి చాలు. 80 కిలోల బరువుతో మొదటివారమే మెట్లెక్కి మోకాళ్ళు పట్టేసి నెలరోజులు మంచంపట్టినవాళ్ళు మా వీధిలోనే ఇద్దరున్నారు. రెండు నెలలు నేల మీద నడిచాక ఎక్కండి, దిగేటప్పుడు బస్సు ఎక్కండి. మోకాళ్ళకు దిగడమే ఎక్కువ కష్టం. చిరుతల భయంతో కాలినడక దారిలో వేళలు, పిల్లల విషయంలో నిబంధనలు మారుతుంటాయి, కనుక్కుని బయల్దేరండి.

వారంలో రెండు రోజులు కండకు పని చెప్పాలి. జిమ్ అక్కర్లేదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం పదిసార్లు, గోడకు చేతులు ఆనించి తోసుకోవడం పదిసార్లు, రెండు లీటర్ల నీళ్ళ బాటిళ్ళు రెండు చేతులా పైకెత్తడం పదిసార్లు. అన్నీ కలిపి మూడు విడతలు. సీరియల్‌లో ప్రకటనల టైము సరిపోతుంది. నలభై దాటిన ఆడవాళ్ళకు ఇది నడకకంటే ముఖ్యమని నా అభిప్రాయం. నిద్ర ఆరు గంటలకు తగ్గితే మర్నాడు తీపి మీదికి మనసు పోతుంది, అది మీరే గమనించి చూడండి.

ఏడో మెట్టు: మిషను ముల్లు కదలనప్పుడు

అయిదారు నెలలకు అందరికీ వస్తుంది. నాకు 74 దగ్గర ఏడువారాలు ఆగిపోయింది. మూడు సంగతులు చూసుకోవాలి. నోటుపుస్తకం మళ్ళీ వారంరోజులు రాయండి. నూనె గిన్నె నెమ్మదిగా 130 మిల్లీలీటర్లయి ఉంటుంది. రెండు, టేపు చూడండి. నా ముల్లు ఆగిన ఆ ఏడువారాల్లోనే పొట్ట రెండు సెంటీమీటర్లు తగ్గింది. మూడు, అవి రెండూ సరిగానే ఉంటే అదే మీ ప్రస్తుత బరువు అనుకుని నెలరోజులు అక్కడే ఉండండి. నష్టం లేదు. నిలుపుకోవడం ఎలాగో ప్రాక్టీసు దొరుకుతుంది.

ఒళ్ళు తగ్గడాన్ని ఇష్టపడదు. అది కరువొచ్చిందనుకుంటుంది. 2011లో ఆస్ట్రేలియాలో 50 మందిని వేగంగా తగ్గించి చూస్తే, ఏడాది తరవాత కూడా ఆకలి పెంచే హార్మోన్లు ఎక్కువగానే ఉన్నాయి. అమెరికాలో టీవీ పోటీలో పదుల కిలోలు తగ్గిన 14 మందిని ఆరేళ్ళకు పరీక్షిస్తే, వాళ్ళ ఒళ్ళు ఆ బరువుకు ఖర్చుపెట్టాల్సినదానికంటే రోజుకు 500 కేలరీలు తక్కువ ఖర్చుపెడుతోందని 2016లో తేలింది. చాలామందికి పోయిన బరువు చాలావరకు తిరిగొచ్చింది. ఇది చదివినరోజు నాకు ఏడుపొచ్చింది. 2020లో మళ్ళీ లావైనప్పుడు నోటి మీద అదుపులేని దాన్నని నన్ను నేను తిట్టుకున్న తిట్లకు లెక్కలేదు. ఒంటి పాత్ర కూడా అందులో ఉందని అప్పుడు తెలియదు.

ఎనిమిదో మెట్టు: బరువు తగ్గించే ఇంజెక్షన్లు అడిగేవాళ్ళకు

2025లో టిర్జెపటైడ్ ఇంజెక్షను, బరువు కోసం వాడే సెమాగ్లుటైడ్ ఇంజెక్షను మనదేశంలోకి వచ్చాయి. బాగా పనిచేస్తాయి: పరిశీలనల్లో సెమాగ్లుటైడ్‌తో 68 వారాల్లో సగటున 15 శాతం, టిర్జెపటైడ్ పెద్ద డోసుతో 72 వారాల్లో 20 శాతం దాకా తగ్గారు. కానీ సెమాగ్లుటైడ్ ఆపిన ఏడాదిలో తగ్గినదాంట్లో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. వికారం, వాంతులు, మలబద్ధకం మామూలు. షుగర్‌తోపాటు ఊబకాయం ఉన్నవాళ్ళు డాక్టరును అడగడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. అడిగేటప్పుడు రెండు ప్రశ్నలు వెయ్యండి: ఎన్నేళ్ళు వాడాలి, ఆపినప్పుడు ఏం చెయ్యాలి. నేను స్లిమ్మింగ్ సెంటర్లో అడగని ప్రశ్న అదే. ఎవరో చెప్పారని మెడికల్ షాపులో కొనొద్దు.

తొమ్మిదో మెట్టు: గీత

అమెరికాలో 1994 నుంచి ఒక రిజిస్టరు నడుస్తోంది. 13 కిలోలకు పైగా తగ్గి కనీసం ఏడాది నిలుపుకున్నవాళ్ళు అందులో చేరతారు. వాళ్ళు తగ్గిన దారులు రకరకాలు. నిలుపుకున్న దారిలో మాత్రం పోలికలున్నాయి: 90 శాతం మంది రోజుకు సుమారు గంట వ్యాయామం చేస్తారు, 78 శాతం పొద్దున టిఫిన్ మానరు, 75 శాతం వారానికొకసారైనా బరువు చూసుకుంటారు, 62 శాతం టీవీ వారానికి పది గంటలకంటే తక్కువ చూస్తారు. టీవీ సంగతిలో నేను ఆ 62లో లేను. మిగతా మూడూ పట్టుకున్నాను.

67కి రాగానే నడక 30 నిమిషాల నుంచి 50కి పెంచాను. తిండి కొద్దిగా పెంచాను, అరముద్ద, వారానికో దోశ. జాకెట్లు బిగించమని టైలరమ్మ దగ్గరికి పోయి, "గుడ్డ కొయ్యొద్దు" అని నేనే ముందు చెప్పాను. ఆమె నవ్వు ఆపుకుంది.

వంటింటి క్యాలెండర్ మీద 69 అని రాసి ఎర్రపెన్నుతో గీత గీశాను. మీ గీత మీ బరువుకు రెండు కిలోల పైన గీసుకోండి. బుధవారం, శనివారం పొద్దున, ముఖం కడుక్కున్నాక, కాఫీకి ముందు మిషను ఎక్కి క్యాలెండర్ మీద అంకె రాస్తాను. పండగ మర్నాడు కిలో పెరిగితే అది ఉప్పూ నీళ్ళే, కంగారు లేదు. వరసగా రెండుసార్లు గీత దాటితే మాత్రం సాకులు వినను. సంక్రాంతి అయినా, చుట్టాలున్నా, ఆ రోజే మొదలు.

ఆ రెండు వారాలు చేసేది ఇదీ: నోటుపుస్తకం బయటికొస్తుంది. నూనె గిన్నె 80 మిల్లీలీటర్లకు దిగుతుంది. రాత్రిపూట సంగటి ముద్ద సగం, ఆకుకూర రెట్టింపు. చక్కెర లేని కాఫీ. సాయంత్రం మేడ మీద ఇంకో పావుగంట నడక. ఇంటికొచ్చిన లడ్డు గడప దాటి లోపలికి రాదు, వరండాలోనే పంపకం. నాలుగేళ్ళలో ఏడుసార్లు గీత దాటాను. రెండు మూడు వారాల్లో దిగాను. ఒక్కసారి, మా మామయ్య ఆస్పత్రిలో ఉన్నప్పుడు, 71 దాకా పోయి రెండు నెలలు పట్టింది.

అంకె 68కి రాగానే కాఫీలో స్పూను చక్కెర మళ్ళీ వేసుకుంటాను.